పొడవు వీల్ స్టడ్‌లు వేసేటప్పుడు హబ్ వెనక వైపు ఏం చూడాలి

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. నీది 2011 హోండా సిటీ. బయట కొన్న వెడల్పు అల్లాయ్ చక్రాలు వేస్తే టైరు లోపలి అంచు స్ట్రట్‌కి (షాకబ్జార్బర్ కాలికి) రాసుకుంటోందని ముందు చక్రాలకు 5 మి.మీ. స్పేసర్లు, అంటే హబ్‌కీ చక్రానికీ మధ్య వేసే బిళ్లలు, పెట్టావు. ఇదివరకు నట్ తొమ్మిదిన్నర చుట్లు తిరిగేది, ఇప్పుడు ఆరు చుట్లకే బిగిసిపోతోంది. వచ్చే నెల చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో ట్రాక్ డే (సొంత కారు ట్రాక్ మీద నడుపుకునే రోజు) ఉంది. అందుకని పొడవు స్టడ్‌లు తెప్పించావు. (హబ్ అంటే చక్రం ఎక్కే తిరిగే దిమ్మ, స్టడ్ అంటే దాని వెనక నుంచి దూరి ముందుకు పొడుచుకొచ్చే బోల్టు, నట్ దానికే బిగిస్తాం.) షాపువాడేమో హబ్ విప్పే పనే లేదు, ఇంపాక్ట్ గన్‌తో నట్ బిగిస్తూ స్టడ్‌ని రంధ్రంలోకి గంటలో లాగేస్తానంటున్నాడు. వేయించుకోవచ్చా అని అడిగావు.

స్టడ్‌లు వేయించుకో. ఆ పద్ధతిలో మాత్రం వద్దు. ఇంకో సంగతి, ఆరు చుట్ల మీద ఆ కారుని ఆఫీసుకు కూడా తీసుకెళ్లొద్దు. ఈ రోజే స్పేసర్లు తీసేసి పాత చక్రాలు ఎక్కించు.

చుట్ల లెక్క ముందు చెప్పేస్తాను, అది సులువు. నీ కారు స్టడ్ ఎం12, అంటే 12 మి.మీ. లావు, పిచ్ (త్రెడ్ చుట్ల మధ్య దూరం) 1.5 మి.మీ. నట్ ఒక చుట్టు తిరిగితే 1.5 మి.మీ. ముందుకు పోతుంది. స్టడ్ ఎంత లావుంటే కనీసం అంత లోతు నట్ పట్టుకోవాలన్నది పాత లెక్క. అమెరికాలో డ్రాగ్ రేసులు జరిపించే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ రూల్ పుస్తకంలో కూడా ఇదే ఉంటుంది. 12 మి.మీ. అంటే నీకు 8 చుట్లు. 5 మి.మీ. స్పేసర్ దాదాపు మూడుంపావు చుట్లు తినేసింది, నువ్వు చెప్పిన ఆరుకి సరిపోయింది. మారుతి స్విఫ్ట్ లాంటి వాటికి పిచ్ 1.25 కాబట్టి అదే 12 మి.మీ.కి దాదాపు 10 చుట్లు కావాలి. ఈ చుట్లు లెక్కపెట్టేటప్పుడు నట్‌ని చేత్తోనే తిప్పాలి, త్రెడ్ పట్టుకున్న దగ్గర నుంచి చక్రానికి ఆనే దాకా. నట్ మొత్తం పొడవు కొలిచి లెక్క వేస్తే తప్పుతుంది, ఎందుకంటే చాలా నట్లకు కోన్ వైపు మొదటి కొన్ని మి.మీ.లో త్రెడ్డే ఉండదు.

అసలు సంగతి హబ్ వెనక వైపు ఉంది. నట్ ఎలా బిగించాలి, ఎంత బిగించాలి అని అందరూ అడుగుతారు. స్టడ్ తల హబ్‌కి వెనక నుంచి పూర్తిగా ఆనిందా అని పాతికేళ్లలో నన్ను అడిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

చక్రాన్ని స్టడ్‌లు మోస్తున్నాయని చాలామంది అనుకుంటారు. స్టడ్ చేసే పని స్ప్రింగ్ పని. నట్ బిగిస్తే స్టడ్ కొంచెం సాగుతుంది, ఆ సాగుడు చక్రాన్ని హబ్ మీదికి నొక్కి పట్టుకుంటుంది. ఆ నొక్కుడు వల్ల పుట్టే రాపిడే చక్రాన్ని జారకుండా ఆపుతుంది. నీ కారుకి హోండా చెప్పిన టార్క్, అంటే నట్ బిగించే తిప్పుడు బలం, 108 న్యూటన్ మీటర్లు. పొడి త్రెడ్ మీద అంత బిగిస్తే ఒక్కో స్టడ్‌లో దాదాపు 45 కిలో న్యూటన్లు, అంటే నాలుగున్నర టన్నుల లాగుడు వస్తుంది. నాలుగు స్టడ్‌లకు 18 టన్నులు. బాగానే ఉంది కదా? అంత లాగుడుకి ఆ స్టడ్ ఎంత సాగిందో కూడా లెక్క వెయ్యి. తల నుంచి నట్ దాకా మధ్యలో పాతిక మి.మీ. స్టడ్ ఉందనుకుంటే, సాగింది ఇంచుమించు 0.06 మి.మీ. తల వెంట్రుక మందం. ఆ నాలుగున్నర టన్నులూ ఆ వెంట్రుక మందం మీదే ఆధారపడి ఉన్నాయి.

ఇప్పుడు స్టడ్ తలకీ హబ్‌కీ మధ్య వెనక అంతే సందు మిగిలిపోయిందనుకో. బండి నడిచే కొద్దీ, బ్రేక్ వేడికీ గుంతలకీ స్టడ్ ఆ కాస్తా లోపలికి జరుగుతుంది. జరిగాక లాగుడు సున్నా. నట్ ఎక్కడిది అక్కడే ఉంటుంది, చక్రం మాత్రం వదులు.

ఇది నాకు పుస్తకం చెప్పింది కాదు, నేను చేసిన తప్పే చెప్పింది. ఆటోనగర్‌లో కొత్తగా సొంతంగా పని మొదలుపెట్టిన రోజుల్లో ఒక కుర్రాడి ర్యాలీ కారు, ఎస్టీమ్, దానికి పొడవు స్టడ్‌లు వేశాను. నాలుగు వాషర్లు పెట్టి, నట్ తిరగేసి, గన్‌తో బర్రుమని లాగేశాను. తర్వాత బుద్ధిగా టార్క్ రెంచ్‌తో బిగించాను, నట్ మీద తెల్ల పెయింట్‌తో గీత కూడా గీశాను. అతను ఏలూరు వైపు బయల్దేరి హనుమాన్ జంక్షన్ దాటకముందే ఫోన్ చేశాడు, స్టీరింగ్ ఊగిపోతోందని. వెళ్లి చూస్తే ఒక చక్రానికి నాలుగింట్లో మూడు నట్లు చేత్తో తిరుగుతున్నాయి. పెయింట్ గీతలు మాత్రం గీసినచోటే ఉన్నాయి. నట్ పిసరు కూడా వెనక్కి తిరగలేదు. డిస్క్ తీసి వెనక టార్చ్ వేసి చూశాక గానీ సంగతి బోధపడలేదు. నాలుగో స్టడ్ తల ఇంకా హబ్‌కి ఆనలేదు, కాగితం దూరేంత సందు. మిగతా మూడూ దారిలో ఆనాయి. ఆ కుర్రాడు ఆ రోజు నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

గన్‌తో లాగడంలో తప్పు ఇదే. గన్ కొట్టే దెబ్బలకు నట్‌కీ స్టడ్‌కీ మధ్య త్రెడ్ వేడెక్కి పట్టేస్తుంది. తల ఆనకముందే ఇక కదలనంటుంది. మనకేమో బిగిసిపోయినట్టే అనిపిస్తుంది. బలవంతం చేస్తే స్టడ్ మెడ దగ్గర సాగిపోతుంది. రెండూ బయటికి కనపడవు.

నువ్వు తెప్పించిన స్టడ్‌లు పెట్టె తీసి ముందు కొలువు. వెర్నియర్ లేకపోతే ఏ లేత్ షాపులోనైనా కొలిచిపెడతారు. మొదటి కొలత, తల కింద హబ్ రంధ్రంలో కరుచుకునే పళ్ల దగ్గర లావు. ఎం12 × 1.5 అని డబ్బా మీద రాసి ఉంటే చాలదు. హోండాకీ టయోటాకీ చాలా మోడళ్లలో త్రెడ్ అదే, పళ్ల లావు మాత్రం హోండాకి 12.3 దగ్గర, టయోటాకి 14.3 దగ్గర ఉంటుంది. రెండు మి.మీ. తేడా ఉంటే అసలు పట్టదు కాబట్టి తెలిసిపోతుంది. ప్రమాదం చిన్న తేడాలతోనే. పాత స్టడ్ ఒకటి తీసి పక్కన పెట్టుకుని కొలువు. కొత్తది దానికంటే సన్నగా ఉంటే చేతి బలానికే దూరిపోతుంది, తర్వాత ఏదో ఒక రోజు పంక్చర్ వేయించుకునేటప్పుడు నట్‌తో పాటు గిర్రున తిరుగుతుంది. మరీ లావుగా ఉంటే హబ్ రంధ్రం అంచులు పగిలే ప్రమాదం.

రెండో కొలత చాలామంది మర్చిపోతారు. పళ్లు ఉన్న భాగం పొడవు. అది హబ్ ఫ్లాంజ్ (స్టడ్‌లు దిగే చదును పళ్లెం) మందం కంటే ఎక్కువైతే పళ్లు ముందు వైపు పొడుచుకొచ్చి డిస్క్ రంధ్రంలోకి వస్తాయి. డిస్క్ రంధ్రం దానికి తగ్గంత పెద్దది కాకపోతే డిస్క్ హబ్ మీద సమంగా కూర్చోదు. అప్పుడు బ్రేక్ నొక్కితే పెడల్ కొట్టుకుంటుంది, నువ్వేమో డిస్క్ వంగిందనుకుని కొత్త డిస్క్ కొంటావు.

మూడోది తల మందం. పాతదాని కంటే తల దళసరిగా ఉంటే వెనక నకిల్‌కో (హబ్ బేరింగ్‌ని పట్టుకునే దిమ్మ) చక్రం వేగం చదివే సెన్సర్‌కో గీసుకోవచ్చు. వేశాక హబ్‌ని చేత్తో ఒక పూర్తి చుట్టు నెమ్మదిగా తిప్పి చెవి పెట్టి వినాలి.

ఇక హబ్ విప్పకుండా అయ్యే పనేనా అన్నది. నీ కారు ముందు చక్రాల్లో బేరింగ్ నకిల్‌లోకి ప్రెస్ చేసి ఉంటుంది, దానిలోకి హబ్ ప్రెస్ చేసి ఉంటుంది. పాత పొట్టి స్టడ్‌ని వెనక్కి కొట్టి, ఏదో ఒక సందు దగ్గరికి హబ్ తిప్పి లాగేయడం కొన్ని కార్లలో కుదురుతుంది. పొడవుది అదే సందులోంచి లోపలికి పోవడమే కష్టం, వెనక నకిల్, డస్ట్ కవర్ (డిస్క్ వెనక ఉండే దుమ్ము రేకు) అడ్డొస్తాయి. షాపువాడు గంటలో అన్నాడంటే డస్ట్ కవర్ వంచో కోసో పని కానిస్తాడు. పాతవి సుత్తితో కొడతాడు. ఆ దెబ్బ ఎక్కడికి పోతుంది? హబ్ నుంచి నేరుగా బేరింగ్ గోళీల మీదికి. గోళీలు నడిచే దారిలో సన్నటి నొక్కులు పడతాయి. అప్పటికప్పుడు ఏమీ తెలియదు. కొన్నాళ్లకు అరవై డెబ్బై స్పీడులో చక్రం దగ్గర బూరలాంటి మోత మొదలవుతుంది.

నా సలహా, హబ్ విప్పు. విప్పితే బేరింగ్ కొత్తది వేయాల్సిందే, ఎందుకంటే హబ్ లాగినప్పుడు బేరింగ్ లోపలి రేస్ (గోళీలు నడిచే వలయం) సాధారణంగా హబ్‌తో పాటే వచ్చేస్తుంది, ఆ బేరింగ్ మళ్లీ పనికిరాదు. ఖర్చు పెరుగుతుంది, తప్పదు. నీ కారు వయసుకి బేరింగ్ ఎలాగూ వయసైపోయి ఉంటుంది, రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి. బేరింగ్ కొత్తది ఎక్కించేటప్పుడు మెకానిక్ పక్కనే నిలబడి రెండు చూడు. నకిల్‌లోకి నొక్కేటప్పుడు బేరింగ్ బయటి రేస్ మీద నొక్కాలి, హబ్ దానిలోకి ఎక్కించేటప్పుడు లోపలి రేస్‌కి కింద ఆనిక పెట్టాలి. తారుమారైతే ఆ బలమంతా గోళీల మీదుగా పోయి కొత్త బేరింగ్ వేసినరోజే పాడవుతుంది. ఏబీఎస్ కార్లలో చాలావాటికి బేరింగ్ సీల్‌లోనే సెన్సర్ చదివే అయస్కాంత వలయం ఉంటుంది, ఆ వైపు సెన్సర్‌కి ఎదురుగా ఉండాలి. తిరగేసి వేస్తే మీటర్‌లో ఏబీఎస్ లైట్ వెలుగుతూనే ఉంటుంది, మళ్లీ మొత్తం విప్పాలి. యాక్సిల్ నట్ కూడా కొత్తదే.

వెనక చక్రాలకు స్పేసర్ లేదు కాబట్టి వెనక స్టడ్‌ల జోలికి పోకు. నాలుగు చక్రాలకూ ఒకేలా కనబడాలని మార్చేవాళ్లున్నారు. అనవసరం.

హబ్ చేతికొచ్చాక పాత స్టడ్‌లు ప్రెస్ (ఒత్తిడితో నొక్కే మిషన్) మీదే తీయాలి, కొత్తవీ ప్రెస్ మీదే ఎక్కించాలి. ఇక్కడ ఒక మెళకువ ఉంది. ఫ్లాంజ్ ముందు వైపు, సరిగ్గా ఆ రంధ్రం చుట్టూ ఆనేలా ఒక లావు సాకెట్టో పైపు ముక్కో పెట్టి, స్టడ్ దాని బొరియలోకి దిగేలా చూసుకుని తల మీద నొక్కాలి. హబ్ మధ్యలో ఆనిక పెట్టి అంచున నొక్కితే ఫ్లాంజ్ వంగుతుంది. పాత స్టడ్ పళ్లు హబ్ రంధ్రంలో గాడులు చేసి ఉంటాయి. కొత్తదాని పళ్లు ఆ గాడుల్లోనే దొరికేలా చేత్తో తిప్పి సర్దుకుని నొక్కితే పట్టు మిగులుతుంది.

స్టడ్‌లు రాత్రంతా ఫ్రిజ్ గడ్డకట్టే అరలో పెడితే కుంచించుకుపోయి సులువుగా దిగుతాయని వీడియోల్లో చెప్తుంటారు. 12 మి.మీ. ఉక్కు యాభై డిగ్రీలు చల్లబడితే తగ్గేది 0.007 మి.మీ. ఇంట్లో ఆవిడతో మాట పడటం తప్ప లాభం లేదు.

ప్రెస్ దొరకని చోట నట్‌తో లాగడం పూర్తిగా తప్పని అనను. లాగే పద్ధతి ఉంది. గట్టి వాషర్లు మూడు నాలుగు, మధ్యలో గ్రీజు, పాత ఓపెన్ నట్ ఒకటి చదును వైపు వాషర్‌కి ఆనేలా. గన్ వద్దు, పొడవు స్పానర్‌తో చేత్తో. ఒక చుట్టు లాగి చూస్తూ పోవాలి. తల ఆనగానే చేతికి బరువు ఒక్కసారిగా మారుతుంది, గోడకి తగిలినట్టు. ఆ నట్ ఆ తర్వాత పారెయ్యాలి. స్టడ్ త్రెడ్‌లో గ్రీజు మిగలకుండా తుడవాలి.

ఏ పద్ధతిలో వేసినా పరీక్ష ఒకటే. వెనక నుంచి టార్చ్ వేసి తల చుట్టూ ఫీలర్ గేజ్‌లో (సందు కొలిచే రేకుల కట్ట) అన్నిటికంటే సన్నటి రేకు దూర్చి చూడు. ఏ వైపూ దూరకూడదు. హబ్ చేతిలో ఉన్నప్పుడు ఇది అర నిమిషం పని. బండికి బిగించేశాక చూడ్డానికి చోటే దొరకదు. అందుకే హబ్ విప్పమని ఇంతసేపు చెప్పింది.

ఇప్పుడు నట్లు. పొడవు స్టడ్ వేసి కంపెనీ ఇచ్చిన మూత నట్లే వాడితే ప్రాణం మీదికొస్తుంది. స్టడ్ కొన మూత లోపలి గోడకి తగిలి ఆగిపోతుంది, రెంచ్ టక్‌మంటుంది, చక్రం మాత్రం బిగియదు. రెండు వైపులా తెరిచి ఉన్న నట్లే వాడాలి. ఇంకోటి, హోండా కంపెనీ చక్రాల నట్ సీటు గుండ్రంగా బంతి ఆకారంలో ఉంటుంది, బయట కొన్న అల్లాయ్‌లకు చాలావాటికి 60 డిగ్రీల కోన్ ఉంటుంది. ఒకదాని నట్ ఇంకోదానికి వాడితే సన్నటి గీత మీద మాత్రమే ఆనుతుంది. పాత చక్రాలకు పాత నట్ల ఆకారం, కొత్త చక్రాలకు కోన్ నట్లు. రెండు సెట్లూ వేర్వేరు డబ్బాల్లో పెట్టుకో.

స్పేసర్ గురించి రెండు ముక్కలు. నీ కారు హబ్ మధ్యలోని గుండ్రటి ఉబ్బు అడ్డుకొలత 56.1 మి.మీ. 5 మి.మీ. స్పేసర్ ఆ ఉబ్బులో చాలా భాగం మింగేస్తుంది, చక్రాన్ని మధ్యలో కూర్చోబెట్టడానికి మిగిలేది కొంచెమే. ముందుకు అదే ఉబ్బు పొడిగించి ఉన్న స్పేసర్ దొరికితే అది వాడు, దొరక్కపోతే చక్రం నేల మీద ఆనకముందే నట్లన్నీ ఎదురెదురుగా చేత్తో సర్ది బిగించు. స్పేసర్, డిస్క్, చక్రం వెనక భాగం, ఈ మూడింటి మీదా తుప్పు, పెయింట్ లేకుండా వైర్ బ్రష్ కొట్టు. కొత్త చక్రాలకు వెనక వైపు దట్టంగా పౌడర్ కోటింగ్ ఉంటే అది నలిగి పలచబడేకొద్దీ బిగువు తగ్గుతుంది. వెంట్రుక మందం లెక్క గుర్తుంది కదా.

టార్క్ అదే 108. స్టడ్ గట్టిది కదా అని 140 పెట్టేవాళ్లున్నారు. స్టడ్ తట్టుకుంటుంది, అల్యూమినియం సీటు తట్టుకోదు. త్రెడ్‌కి ఆయిల్ పూయొద్దు. అదే 108కి ఆయిల్ ఉంటే లాగుడు 60 కిలో న్యూటన్ల దాకా పోవచ్చు. 10.9 గ్రేడ్ (ఉక్కు బలం చెప్పే అంకె) స్టడ్ అయితే దాదాపు 73 దాకా శాశ్వతంగా సాగకుండా తట్టుకుంటుంది. 8.8 గ్రేడ్ అయితే 53 దగ్గరే దాని హద్దు. తల మీద గ్రేడ్ గానీ తయారీదారు గుర్తు గానీ లేని స్టడ్ అసలు వేయొద్దని ఇందుకే అంటాను.

ఆ వరసలోనే, లేత్ మీద చేయించిన స్టడ్‌లు. మన దగ్గర ఏ భాగమైనా లేత్ మీద చేసిపెట్టే పనివాళ్లున్నారు, వాళ్ల చేతి పనికి దండం పెడతాను. చక్రం స్టడ్ మాత్రం ఆ పని కాదు. మంచి ఈఎన్24 (గట్టి అల్లాయ్ ఉక్కు) రాడ్ వాడినా, కోసిన త్రెడ్ అడుగున పదునైన గాటు మిగులుతుంది, మళ్లీ మళ్లీ పడే లాగుడుకి అలసి వచ్చే పగులు అక్కడే మొదలవుతుంది. ఫ్యాక్టరీలో త్రెడ్ కోయరు, రోలర్ల మధ్య నొక్కి తీస్తారు. అలాగే స్టడ్ తిరుగుతోందని వెనక వెల్డింగ్ టచ్ పెట్టించుకున్న బండ్లు నెలకొకటైనా నా దగ్గరికి వస్తాయి. గట్టిపరిచిన ఉక్కుకి వెల్డింగ్ వేడి తగిలితే ఆ పక్కనే పెళుసుబారుతుంది. రంధ్రం లూజైతే హబ్ మార్చడమే.

బిగించాక 50 కిలోమీటర్లకు ఒకసారి, 100కి ఇంకోసారి, చక్రాలు చల్లగా ఉన్నప్పుడు రెంచ్ పెట్టి చూడు. ఏదైనా నట్ మొదటిసారి కొంచెం కదిలితే పర్లేదు. రెండోసారి కూడా అదే నట్ కదిలితే ఇక బిగించుకుంటూ పోవద్దు, ఆ స్టడ్ తల వెనక చూడాలి. ట్రాక్ మీద ప్రతి సెషన్‌కి ముందు చూడు, దిగగానే మాత్రం కాదు. అప్పుడు డిస్కూ హబ్బూ కాలిపోతూ ఉంటాయి, ఆ వేడిలో చూసిన కొలత నిజం చెప్పదు. చక్రం తీసిన ప్రతిసారీ నట్‌ని స్టడ్ మొదలు దాకా చేత్తో తిప్పి చూడు. మధ్యలో ఎక్కడైనా బరువెక్కితే అక్కడ త్రెడ్ సాగింది, ఆ స్టడ్ పని అయిపోయింది.

ఇంకా నెల ఉంది కాబట్టి ట్రాక్ డేకి కనీసం పది రోజుల ముందు ఈ పని చేయించు, ఊళ్లో రెండు మూడొందల కిలోమీటర్లు తిరిగాకే చెన్నై బయల్దేరు. పళ్ల దగ్గర కొలతా, పళ్ల పొడవూ కొలిచి ఇక్కడ రాస్తే చూసి చెప్తాను. పాత స్టడ్ కొలతలు కూడా పక్కనే రాయి, అవి లేకుండా కొత్తదాని గురించి ఏమీ చెప్పలేను.